కదిరప్ప కలిపిన రంగు

ఎర్రగుంట కోనలో జంతువులు చెప్పులు తొడుక్కునే అలవాటు ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు. దాన్ని చూసి నవ్వే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు, ఎందుకంటే ఆ అలవాటు కోనకు పెద్ద అయిన చిరుత భద్రప్పకూ ఉంది. ముసలితనంతో పోయిన ఒక దున్న తన తోలు ఆయనకే ఇమ్మని చెప్పి పోయిందట. ఆ మాట విన్నది భద్రప్ప ఒక్కడే. ఆ తోలుతో నాలుగు కాళ్లకు నాలుగు చెప్పులు కుట్టించి, మాగిన రేగుపండు రంగు వేయించుకుని ఠీవిగా తిరిగేవాడు.

ఒకరోజు వాగు దాటుతుంటే ఆయన ముందు ఎడమ కాలి చెప్పు కొట్టుకుపోయింది. ఐదో రోజున చుట్టుపక్కల కోనల పెద్దలంతా వచ్చే సభ ఉంది. మూడు చెప్పులతో వెళితే నలుగురూ నవ్వుతారు. కొత్త చెప్పు కుట్టడం సులువే. పాత మూడింటితో దాని రంగు కలవడమే కష్టం.

ఆ పని చేతనైనది కోన మొత్తానికి ముళ్లపంది సుంకులమ్మ ఒక్కతే. వాగొడ్డున పాక వేసుకుని, కుండల వరస పెట్టుకుని, తోళ్లకు రంగులు వేస్తూ ముసలిదైపోయింది. ఆ పాక మీద నక్క కదిరప్పకు ఎప్పటినుంచో కన్ను. నీడ ఉంది, నీళ్లున్నాయి, వచ్చిపోయేవాళ్లు తెచ్చిపెట్టే తిండీ ఉంది.

"దొరా, అవ్వకు చూపు ఆనడం లేదు. ఎరుపేదో నలుపేదో తెలియడం లేదు. ఈ పని నాకిప్పించండి" అన్నాడు కదిరప్ప.

"నీకు రంగులు కలపడం వచ్చా?"

"ఆమెకు వచ్చు కదా, చెప్పమనండి. ఒక్క ముక్క దాచకుండా చెప్పాలని మీరు గట్టిగా అనాలి. రంగు కలిసిందంటే ఆ పాక నాకిప్పించాలి."

"కలవకపోతే?"

"అట్లాంటి మాట నా నోట ఎప్పుడన్నా విన్నారా దొరా?"

వినలేదు మరి. భద్రప్ప సుంకులమ్మను పిలిపించి చెప్పాడు. ముసలిదాని ముళ్లు ఒక్కసారి లేచి, మళ్లీ సర్దుకున్నాయి.

"అట్లాగే దొరా. ఏమీ దాచను" అంది.

మర్నాడు పొద్దున్నే కదిరప్ప పాకకు వెళ్లాడు. సుంకులమ్మ తన వేళ్లతో ఒక్కొక్క కుండా తట్టి చూపించింది.

"రెండు పాళ్లు చండ్ర చెట్టు చెక్క, ఒక పాలు మంజిష్ఠ వేరు, గుప్పెడు కరక్కాయ పొడి. మట్టికుండలోనే కాచాలి నాయనా. ఇనుము తగలనీయకు. తగిలితే రంగు పాడవుతుంది."

"ఊఁ" అన్నాడు కదిరప్ప.

"తడి మీద రంగు చూసి మురిసిపోవద్దు. ఎండలో పెట్టొద్దు. నీడన ఆరనిచ్చి, ఆముదం పట్టించాక కనబడేదే అసలు రంగు. పాత చెప్పులు మాత్రం మళ్లీ రంగులో ముంచబాకు. అంతే."

"అంతేనా అవ్వా?"

"అంతే నాయనా. ఇంకేముంటుంది?"

కదిరప్ప ఇంటిదారి పట్టి ఆలోచనలో పడ్డాడు. పాక పోతుందని తెలిసీ ఇంత కులాసాగా ఎవరైనా అన్నీ చెప్పేస్తారా? తన పాకే అయితే తాను ఏం చెప్పేవాడు? ఒక్కటంటే ఒక్కటి కూడా నిజం చెప్పేవాడు కాదు! ఆ సంగతి తట్టగానే వాడికి సుంకులమ్మ మీద గౌరవం పెరిగిపోయింది. ముసలిది గట్టిదే. మట్టికుండ అందంటే ఇనుమే కావాలన్నమాట. నీడ అందంటే ఎండ. రెండు పాళ్లన్నది ఒక పాలు, ఒక పాలన్నది రెండు. ఆముదం ఊసే వద్దు.

"నా దగ్గరా నీ వేషాలు!" అని గట్టిగా నవ్వుకున్నాడు.

ఎవరో బండివాళ్లు పారేసి పోయిన తుప్పు పట్టిన బాణలి ఒకటి దొరికింది. అందులో రంగు కాచి, కొత్త చెప్పు ముంచి, పైకి తీశాడు. తీసిన చెప్పు చూసి వాడి తోక వాలిపోయింది. తుప్పు తగిలిన చోటల్లా నల్లటి మచ్చలు. నిమ్మకాయంత ఒకటి, చింతగింజంత ఒకటి, మధ్యలో వక్కపలుకుల్లా ఇంకొన్ని. రాయి పెట్టి రుద్దాడు, పోలేదు. నాకాడు, నాలుక నల్లబడింది.

సభ తెల్లవారితేనే. పారిపోదామా అనుకున్నాడు. కానీ భద్రప్ప పరుగు సంగతి కోనలో అందరికీ తెలుసు. అప్పుడు వాడికి ఒక ఆలోచన వచ్చింది. రంగు కలవాలన్నారు కదా? కొత్తది పాతవాటితో కలవకపోతే, పాతవే కొత్తదానితో కలుస్తాయి! నమూనాకని ఇచ్చిన మూడు చెప్పులనూ అదే బాణలిలో పడేశాడు. వాటికీ మచ్చలు పడ్డాయి. పాత చెప్పులు ముంచొద్దని అవ్వ చెప్పిన మాట గుర్తొచ్చి, తన లెక్క తప్పలేదని మరీ పొంగిపోయాడు.

సభ రోజు పొద్దున భద్రప్ప నాలుగు చెప్పులూ చూసి మీసాలు బిగించాడు.

"ఏందిరా ఇది?"

కదిరప్ప రెండడుగులు వెనక్కి వేశాడు. నోరు మాత్రం వెనక్కి తగ్గలేదు. "దొరా, ఒంటి నిండా మచ్చలున్న మహరాజుకు కాళ్ల దగ్గర ఒకే రంగేంటని నా బాధ. ఇప్పుడు చూసుకోండి! చెప్పు ఎక్కడ మొదలైందో కాలు ఎక్కడ అయిపోయిందో ఎవడన్నా చెప్పగలడా?"

భద్రప్ప తొడుక్కుని, కాళ్లు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. సభలో పెద్దలంతా ఆయన కాళ్లనే చూశారు. తిరిగొచ్చేటప్పటికి ఆయన ఛాతీ రెండింతలైంది. పాక కదిరప్పదైంది. సుంకులమ్మ తన కుండల్లో రెండు నెత్తిన పెట్టుకుని, మిగిలినవాటి వైపు ఒకసారి చూసి, గుట్ట వెనక్కి వెళ్లిపోయింది.

ఆ సంబరం రెండు రోజులే. మూడోనాడు భద్రప్ప పెళ్లాం ఓబులమ్మ పాక ముందుకొచ్చి నిలబడింది.

"నాకూ నాలుగు కావాల. అచ్చం ఆయనవాటిలాగే. ఆ నిమ్మకాయంత మచ్చ ఉంది చూడు, అది అక్కడే ఉండాల. ఒక్క మచ్చ ఎక్కువైనా తక్కువైనా ఊరుకోను. ఎల్లుండికి."

కదిరప్ప బాణలి పొయ్యి మీద పెట్టాడు. అందులో రంగు అప్పటికే సిరాలా మారిపోయింది. ముంచిన చెప్పు కాకిలా నల్లగా వచ్చింది. ఆ నీళ్లు పారబోసి మళ్లీ కాచాడు. ఈసారి మచ్చలైతే పడ్డాయి, కానీ నిమ్మకాయ ఉండాల్సిన చోట గుమ్మడికాయ. ఇంకోసారి కాస్తే చారలొచ్చాయి. చారలు చూస్తే కోనకు పెద్దపులి వచ్చిందనుకుంటారని వాటిని గబగబా పాతిపెట్టాడు.

చివరికి గుట్ట వెనక్కి పరిగెత్తాడు.

"అవ్వా, ఆ మచ్చలు మళ్లీ ఎట్లా తెప్పించాలో చెప్పు."

"నువ్వేం చేస్తే పడ్డాయో చెప్పు నాయనా. వింటే తెలుస్తుంది."

చెబితే? ఆమె మాట నమ్మక అన్నీ తలకిందులు చేశానని ఒప్పుకోవాలి. అది భద్రప్ప చెవిన పడితే! కదిరప్ప గొంతు సవరించుకున్నాడు.

"అచ్చం నువ్వు చెప్పినట్టే చేశా."

"ఎందులో కాచావు?"

"మట్టికుండలోనే."

"ఎక్కడ ఆరబెట్టావు?"

"నీడనే అవ్వా, ఒట్టు!"

సుంకులమ్మ వాడి నల్లటి నాలుక వైపు చూసింది. "అట్లా చేస్తే మచ్చలు పడవు నాయనా. నాకు తెలిసిందంతా నీకు చెప్పేశాను. ఇక నా దగ్గర ఏమీ లేదు" అని పనిలో పడింది.

గడువు రోజున ఓబులమ్మకు నాలుగు చెప్పులు వెళ్లాయి. దేని మచ్చలు దానివే. ఆమె ఒక్కటి తొడుక్కుంది, రెండోది తొడగలేదు. దాన్ని కదిరప్ప మొహాన కొట్టిన చప్పుడు వాగు అవతలికీ వినిపించింది. భద్రప్ప సుంకులమ్మను మళ్లీ పాకకు రప్పించి, కదిరప్పను ఆమె దగ్గర కరక్కాయలు దంచే పనిలో పెట్టాడు.

ఇప్పటికీ దంచుతూనే ఉన్నాడు. అడిగినవాళ్లందరికీ సుంకులమ్మ మట్టికుండ అనీ, నీడ అనీ, ఆముదం అనీ మొదటినుంచి చివరిదాకా వాడి ఎదురుగానే చెబుతుంది. వాడు రోకలి ఆపి, చెవులు రిక్కించి వింటాడు.

"ముసలిది ఇంకా అసలు సంగతి బయటపెట్టడం లేదు" అని పళ్లు నూరుకుని మళ్లీ దంచుతాడు.

నోరు తెరిస్తే అబద్ధమాడేవాడికి, ఎదుటివాళ్లు విప్పి చెప్పే నిజం కూడా మోసంలాగే కనిపిస్తుంది.