గుబ్బన్న గోలెం

ఇప్పచెట్ల అడవిలో దుప్పులు, కుందేళ్ళు, ఏనుగులు ఎన్నో ఉండేవి. కుండలు చేసేవాళ్ళు మాత్రం ఇద్దరే. ఒకరు గుబ్బన్న అనే ఎలుగుబంటి, మరొకరు ఏదమ్మ అనే ముసలి ఏదుపంది.

గుబ్బన్నకు ఒక్కటే కోరిక. వాళ్ళమ్మ చేసినటువంటి పెద్ద ఎర్రటి నీళ్ళ గోలెం ఒకటి చేయాలి. అమ్మ పోయాక అలాంటిది ఎవరూ చేయలేదు. అమ్మ తవ్వుకున్న గుంటలో అడుగున మిగిలిన ఆఖరి మట్టితో ఆ ఏడు గోలెం చేశాడు. పచ్చి గోలేన్ని రోజూ అరచేత్తో నిమిరేవాడు.

బట్టీలకు కట్టెలు వాగు అవతలి నుంచి ఏనుగులు తెచ్చేవి. ఏ రోజు కట్టెలు ఆ రోజే వచ్చేవి. ఏదమ్మ వాటిలో రోజూ నాలుగు పక్కనపెట్టి, తాటాకులు కప్పేది. ఈత మట్టలతో కుండలు కాల్చడం కూడా నేర్చుకుంది.

"అత్తా, నీకు కుండలకంటే పుల్లలే ముద్దు!" అని గుబ్బన్న నవ్వాడు. "ఆ చోట్లో నేనైతే ఇరవై కుండలు ఆరబెడతాను."

"వాగు పొంగితే ఏం కాలుస్తావు అల్లుడూ?"

"ఏనుగులకు వాగొక అడ్డమా?"

ఒక ఉదయం గోలేన్ని బట్టీ నడుమ పెట్టి నిప్పంటించాడు. బట్టీ ముట్టించాక రెండు రోజులు మంట తగ్గకూడదు. నడుమ చల్లారితే కుండలు పగులుతాయి. అది తెలిసీ ఒక్క రోజు కట్టెలతోనే ముట్టించాడు. మిగతావి రేపు వస్తాయిలే అనుకున్నాడు.

మర్నాటికి కొండమీద వాన కురిసి వాగు పొంగింది. గుబ్బన్న గట్టుకు పరుగెత్తాడు. అవతల ఏనుగులు కట్టెలు మోస్తూ నిలబడి ఉన్నాయి. కట్టెలు కంటికి ఆనుతున్నాయి, చేతికి అందవు.

"మామా! ఒక్క మోపు చాలు!"

"మా వెంట పిల్ల గున్నలున్నాయిరా! నీళ్ళు తగ్గేదాకా దిగం!" అని అరిచింది పెద్ద ఏనుగు.

గుబ్బన్న ఏదమ్మ దగ్గరికి ఉరికాడు. ఆమె బట్టీ కూడా మండుతోంది.

"ఇస్తే నా మంట ఆరుతుంది. నీదీ నిలవదు. రెండు బట్టీలూ పోతాయి. ఇవ్వలేను అల్లుడూ," అంది ఆమె.

ఈత మట్టలతో కాల్చడం తెలియని అతను తన ఇంటి తలుపు విరిచి బట్టీలో వేశాడు. అది మధ్యాహ్నం దాకా మండింది. తరువాత అతను బట్టీ గోడకు అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. గోడ వేడి కొంచెం కొంచెంగా తగ్గుతుంటే చెయ్యి తీయలేకపోయాడు.

బట్టీ తెరిచేసరికి గోలెం అంచునుంచి అడుగుదాకా పగిలి ఉంది. పగులుకు ఒక పక్క మాత్రం అచ్చంగా అమ్మ గోలెం ఎరుపే వచ్చింది. ఆ ఎరుపును అరచేత్తో నిమిరాడు.

బాగా కాలిన ఏదమ్మ కుండలు తడితే ఖంగున మోగాయి. జంతువులన్నీ కుండల కోసం ఆమె ముంగిట వరుస కట్టాయి.

వాగు తగ్గాక ఏనుగులు కట్టెలు తెచ్చాయి. గుబ్బన్న బట్టీ ముట్టించలేదు.

"ఎప్పుడు ముట్టిస్తావు అల్లుడూ?"

"ఒక కాల్పుకు సరిపడా కట్టెలు ఇంటి దగ్గర ఉన్నాక, అత్తా."

"మరి మీ అమ్మ మట్టి?"

"అయిపోయింది. అలాంటిది ఇంకెక్కడైనా ఉందేమో వెతుకుతాను. దొరక్కపోవచ్చు. అయినా వెతుకుతాను."

నీతి: నడుమ ఆపకూడని పనికి కావలసిన కట్టెలు ముందే కూడబెట్టుకోవాలి, అవి రాని రోజుకు మరో దారి కూడా చూసుకోవాలి; ఆ తరువాతే నిప్పంటించాలి.