రాలిపోయిన 'అంట'

చద్దరు ఎక్కడికీ పోలేదు. పైబట్ట కిందే ఉంది.

ఆ గురువారం తెల్లవారుతూనే కాశింతాత సమాధి మీది బట్టను రెండు చేతులా ఎత్తి పట్టుకున్నారు. దాని కింద వెండి జరీ అంచు తళుక్కుమంది. పన్నీరు చెంబు పట్టుకుని పక్కన శిష్యుడు దస్తగిరి నిలబడి ఉన్నాడు. చెంబు తొణికి పన్నీరు పాదాల మీద పడింది. తుడుచుకోవాలని కూడా తోచలేదు.

గుండ్లవంక దర్గాలో ఒక ఆచారం ఉంది. సమాధి మీద బట్ట ఎవరైనా కప్పవచ్చు. ఎత్తడం మాత్రం పీఠం మీదున్న గురువు, అంటే కాశింతాత ఒక్కరే చేయాలి. దర్గా వారి పచ్చ చద్దరు, జరీ అంచుది, ఎప్పుడూ అన్నింటికీ పైన ఉండాలి. భక్తులు తెచ్చినవి దాని కిందికి సర్దేదీ గురువే. తాత తన తోటి శిష్యుడెవరో కాలం చేశారని కడప వైపు వెళ్ళి పన్నెండు రోజులు ఉండి వచ్చారు. ఈలోగా వచ్చిన గురువారం జనం విరగబడ్డారు. ఎవరో పుణ్యాత్ముడు నేల దాకా వేలాడే పెద్ద ఆకుపచ్చ బట్ట తెచ్చి, ఆ తోపులాటలో చద్దరు మీదే కప్పేసి పోయాడు. శుక్రవారం ఉదయం చూస్తే జరీ అంచు లేదు. ఎత్తి చూసే అధికారం ఎవరికీ లేదు. ఎత్తి చూడాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు.

తాత బట్టను మళ్ళీ ఎలా ఉన్నదాన్ని అలాగే కప్పేశారు. చేతులు దులుపుకుని వంటపాక వైపు చూశారు.

"మాబమ్మ ఏది నాయనా? పొయ్యి అంటించినట్టు లేదే?"

ముందురోజు ఆయన పొద్దుపోయి వచ్చి, అన్నం వద్దని పడుకున్నారు. దస్తగిరి ఏమీ చెప్పకుండా దాటేశాడు. ఇప్పుడు దాటడానికి చోటు లేదు.

"వెళ్ళిపోయింది తాతా. ఐదు రోజులైంది."

"యాడికి?"

"వాళ్ళన్న ఊరికి. చింతలగుట్టకు."

"ఎందుకు?"

దస్తగిరి తల వంచుకుని చెప్పాడు. చద్దరు పోయిందని ఊరంతా గగ్గోలు పెట్టడం, మాబమ్మ ఎత్తుకుపోయిందని అందరూ అనుకోవడం, ఆడవాళ్ళు ఆమె పాకలో దూరి సంచులు బోర్లించడం, పాత చీరలు వీధిలో పడేయడం, కుళాయి దగ్గర ఆమె బిందెను కాలితో తన్నడం. శనివారం ఎండ ఎక్కకముందే ఆమె వెళ్ళిపోయింది. ఎవరికీ చెప్పలేదు. పాక వెనక కట్టేసిన మేకను కూడా విప్పుకుపోలేదు.

మాబమ్మ మొగుడు పోయినప్పటి నుంచి, పదిహేనేళ్ళుగా, ఆ దర్గాలో ఊడ్చి, వండి, వచ్చినవాళ్ళకు వడ్డించేది. దస్తగిరి ఎనిమిదేళ్ళుగా ఆమె చేతి కూడే తింటున్నాడు. అక్కా అని పిలిచేవాడు.

తాత మూలకు వెళ్ళి దూది ఏకే విల్లు అందుకున్నారు. పీఠం మీదికి రాకముందు ఆయనది ఇల్లిల్లూ తిరిగి పరుపుల దూది ఏకే పని. ఇప్పటికీ మనసు బాగాలేకపోతే విల్లు పట్టుకుని కూర్చుంటారు. నారి మోగింది. దూది రేగింది.

"ఆమె ఎత్తుకుపోతుంటే నువ్వు చూసినావా?"

"ల్యా, తాతా."

"ఎవరు చెప్పినారు?"

"పూలమ్మే నాగలచ్చి."

"ఏమని చెప్పింది?"

"ఎత్తుకపోయిందని."

నారి ఆగింది. "అట్లనే అనిందా? ఆ అమ్మి నోట ఎట్ల వచ్చిందో అట్ల చెప్పు."

దస్తగిరి కళ్ళు మూసుకున్నాడు. ఆ శుక్రవారం ఉదయం, పూలబుట్ట దించుతూ నాగలచ్చి అన్న మాట చెవిలో పడింది.

"మాబమ్మ పచ్చగుడ్డ మూట కట్టుకుని పోయిందంట సామీ, మా వీధిలో అనుకుంటుండారు... అనింది, తాతా."

"పోయిందంట. ఊఁ. నువ్వు పందిట్లో జనానికి ఏమని చెప్తివి?"

దస్తగిరి పన్నీరు చెంబు కింద పెట్టాడు. అతను చెప్పింది అతనికి బాగానే గుర్తుంది. జరీ చద్దరు ఏమైందని నలుగురూ చుట్టుముట్టి అడిగితే, దర్గా శిష్యుడికి తెలియని సంగతి ఉండకూడదన్నట్టు గొంతు పెంచి చెప్పాడు. "మాబమ్మ ఎత్తుకపోయింది."

ఇంకొకటి కూడా గుర్తుకొచ్చింది. దాని ముందురోజే, ఆ గురువారమే, అదే పందిట్లో కూర్చుని అతను జనానికి బోధ చేశాడు. ఏ మాట విన్నా మూడు ప్రశ్నలు వేసుకోవాలన్నాడు. కళ్ళారా చూసిందెవరు? వేరేలా జరిగి ఉండవచ్చా? ఎవరి గురించి అంటున్నామో వాళ్ళను అడిగామా? తాత దగ్గర నేర్చుకున్నవే. అప్పుడు జనం తలలూపారు. వంటపాక గడపలో కూర్చుని బియ్యం ఏరుతూ మాబమ్మ కూడా విన్నది. "మా తమ్ముడు ఎంత బాగ చెప్తాడో" అని పక్కామెతో అన్నది.

తాత విల్లు పక్కన పెట్టారు. పాక వెనక మేక అరిచింది.

"దానికి ఆకు ఏస్తుండావా?"

"ఏదో ఇంత గడ్డి ఏస్తుండా, తాతా."

"గడ్డి తినదది. మాబమ్మ అవిసాకు తెచ్చేది, తమలపాకు తోట గట్టు మీదనుంచి. పోయి నువ్వూ ఆడనే కోసుకో. ఆమె వచ్చే దారినే రా."

అంతే అన్నారు. మళ్ళీ విల్లు పట్టుకున్నారు.

దస్తగిరి తోటకు వెళ్ళాడు. గట్టు మీద అవిసె కొమ్మలు విరిచి, కిందటి వారమే ఒక చేయి విరిచిన ఆనవాళ్ళు చూశాడు. తర్వాత ఆకంతా తన తువ్వాలులో మూట కట్టుకున్నాడు. తువ్వాలు చిన్నది. ఆకు నాలుగు పక్కలా బయటికి వేలాడింది. చంకలో పెట్టుకుని వడ్డెర వీధి గుండా నడిచాడు.

వీధి మలుపులో పుల్లమ్మవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. ఎనభై ఏళ్ళ మనిషి. నాగలచ్చికి అత్త. అతను ఇంకా ఇరవై అడుగుల దూరంలో ఉండగానే చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"ఎవురది? ఆ పచ్చగుడ్డ యాడికి ఎత్తుకపోతుండావ్?"

దస్తగిరి కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"నేనవ్వా, దస్తగిరిని." దగ్గరికి వెళ్ళి మూట ఆమె ఒళ్ళో పెట్టాడు. "గుడ్డ కాదు. తాకి చూడు."

అవ్వ తడిమింది. ఒక రెమ్మ తుంచి వాసన చూసింది. "అవిసాకు! ఓర్నీ. నాకు చూపు ఆనదు నాయనా, పొర కమ్మింది. పచ్చగుంటే గుడ్డనుకుంటి."

"అవ్వా, మాబమ్మక్క ఈ దారిన పోతుంటే చూసినావా?"

"చూడకేం? దినామూ ఈ దారినే కదా. ఆ పొద్దు చద్దరు పోయిందని గోల పడుతుండ్రి. ఆమె చంకలో పచ్చగ మూట ఉండె. మా కోడలితో అంటి, చద్దరు ఎత్తుకపోయిందేమో అని. ఏమో అంటి నాయనా, ఏమో! ఎత్తుకపోయిందని నేను అనల్యా. అబద్ధం నేనెందుకు చెప్తా?"

"ఏమో అన్నావా?"

"ఏమో అనే అంటి."

దస్తగిరి మూట తీసుకున్నాడు. అవ్వ వెనకనుంచి ఇంకా అంటూనే ఉంది, "ఏమో అంటే తప్పేముంది? నోరుండి ఏమో కూడా అనగూడదా?"

అవ్వ నోట 'ఏమో'. నాగలచ్చి నోట 'అంట'. తన నోట రెండూ లేవు. ఆ పొద్దు మూటలో ఉన్నది కూడా ఈ ఆకే. దారి పొడుగునా అతని బుర్రలో ఇదే తిరిగింది.

దర్గాకు వచ్చేసరికి పందిట్లో జనం చేరుతున్నారు. తాత చద్దరును పైకి తీసి పరుస్తారని ఎదురు చూశాడు. తాత ఆ ఊసే ఎత్తలేదు.

"తాతా, జరీ అంచు పైకి తీస్తే అందరికీ తెలుస్తుంది కదా?"

"ఉండనీ. అడిగినోళ్ళకు నీ నోటితోనే చెప్పు."

అడగనివాళ్ళు లేరు. వచ్చినవాళ్ళందరూ దండం పెట్టుకుని, చద్దరు దొరికిందా అని అడిగారు. దస్తగిరి ప్రతి ఒక్కరికీ చెప్పాడు. కింద ఉంది. పోలేదు. మాబమ్మక్క తీయలేదు. నేను చూడకుండా అన్నాను. మొదట చెప్పినప్పుడు గొంతు వణికింది. పదోసారి చెప్పేటప్పటికి వణకడానికి గొంతే మిగల్లేదు.

నాగలచ్చి బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "అయ్యో, కిందనే ఉందా సామీ! పాపం ఆ తల్లిని..." అంది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "అయినా, జనం గోలకు భయపడి మళ్ళా తెచ్చి పెట్టిందేమో!"

"లేదు నాగలచ్చీ. ఎవరూ తీయలేదు. ఎవరూ పెట్టలేదు."

"అదేలే, నేనేమన్నాను, ఏమో అన్నా."

మధ్యాహ్నం గంధం పంచుతుంటే వరసలో ఒకామె ఇంకొకామె చెవిలో అంటోంది, "తెచ్చి పెట్టిందంట." సాయంత్రం చెప్పులు వేసుకుంటూ ఒక పెద్దాయన అతని భుజం తట్టాడు. "ఎట్లైతేనేం, తెచ్చి పెట్టింది కదా. బుద్ధొచ్చింది. పోనీలే, క్షమించండి."

ఆయన దర్గా మెట్లు దిగిపోయేదాకా దస్తగిరి చూస్తూ నిలబడ్డాడు. పరుగెత్తి ఆపి చెప్పాడు. ఆయన నవ్వి, "నీది మంచి మనసు నాయనా, ఆమెను కాపాడుతుండావు" అన్నాడు.

మర్నాడు తాతకు చెప్పి చింతలగుట్టకు నడిచాడు. మూడు గంటల దారి. ఎండ కాస్తున్నా అతని ఒంటికి పట్టలేదు. అక్క వస్తే చాలనుకున్నాడు. వచ్చి పొయ్యి అంటిస్తే, చూసినవాళ్ళ నోళ్ళు మూతబడతాయనుకున్నాడు.

మాబమ్మ అన్న ఇంటి వాకిట్లో వేరుశనక్కాయలు వలుస్తోంది. ఐదారు రోజులకే మనిషి సగమైంది. అతన్ని చూసి చెయ్యి ఆపలేదు.

"రా తమ్ముడా. కుండలో నీళ్ళున్నాయి, తాగు."

లోపల్నుంచి ఆమె వదిన తొంగి చూసింది. "దర్గా ఆయనేనా? మూడు చద్దర్లు పోయినాయంట కదా మీకు?"

మాబమ్మ కాయ చిదిమింది. "ఈ ఊరికి వచ్చేసరికి మూడైనాయి" అంది దస్తగిరితో.

అతను నేల మీద కూలబడ్డాడు. అంతా చెప్పాడు. చద్దరు కింద ఉందని, తాను ఒక్కొక్కరికీ చెప్పానని, తప్పు తనదని. చెప్పి చేతులు జోడించాడు. ఆమె వింటూనే కాయలు వలిచింది. గింజలు చేటలో పడుతున్నాయి.

"మేక ఆకు తింటుందా?"

"నిన్నట్నుంచి తింటుంది. అవిసాకు తెచ్చినా."

"ఊఁ."

ఆమె తలెత్తింది.

"ఆ శుక్రవారం పొద్దున నేను యాడుంటిని దస్తగిరీ?"

"పొయ్యి కాడ."

"నాగలచ్చి నీకు చెప్పేటప్పుడు నువ్వు యాడుంటివి?"

"పందిట్లో."

"పందిటికీ పొయ్యికీ ఎన్నడుగులు?"

ఆమే లెక్క చెప్పింది.

"పది. ఎనిమిదేళ్ళు, ఉప్పు తక్కువైతే అడిగినావు. కారం ఎక్కువైతే అడిగినావు. ఆ పది అడుగులు వచ్చి, అక్కా, చద్దరు చూసినావా అని ఒక్క మాట అడగల్యా." ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. "ఊరోళ్ళు అన్నది నేను మర్చిపోతా. వాళ్ళు నీ మాట విని అన్నారు. నువ్వు అన్నది నేనెట్ల మర్చిపోవాల?"

"రా అక్కా. తాత కూడా..."

"రాను."

ఆమె చేట ఎత్తి పొట్టు చెరిగింది. గాలికి పొట్టు అతని మీదికి వచ్చి పడింది.

"మేకను మాత్రం పంపు. ఎవరితోనైనా పంపు. నువ్వు తోలుకొని రావొద్దు."

అతను తిరిగి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. పందిట్లో నాగలచ్చి మిగిలిన పూలు గంపకెత్తుకుంటోంది. అతన్ని చూడగానే ఎదురొచ్చింది.

"ఏం సామీ, మాబమ్మ వస్తుందంటనా?"

దస్తగిరి ఆమెను దాటుకుని లోపలికి వెళ్ళాడు. తాత మూలన కూర్చుని దూది ఏకుతున్నారు. వంటపాకలో పొయ్యి మీద పిల్లి పడుకుని ఉంది.

"ఏమనింది నాయనా?"

"రాననింది, తాతా."

"ఎవరన్నా చెప్పినారా? నువ్వే విన్నావా?"

"నేనే విన్నా. నా మొగం చూసే అనింది."

తాత నారి మీద అరచెయ్యి పెట్టి మోత ఆపారు. రేగిన దూది మెల్లగా కిందికి దిగింది.

"అయితే ఈ ఒక్క మాటకు 'అంట' పనిలేదు నాయనా" అన్నారు.