బొగ్గుగీతలు తుడిచిన నక్క

ఎర్రబండ అడవిలో ఏటా కార్తీకం మొదలు ఫాల్గుణం దాకా పది పరుగు పందేలు జరుగుతాయి. ఒకటి బురదలో అయితే ఇంకొకటి ఇసుకలో, మరొకటి రాళ్లగుట్ట మీద. గెలిచినవాళ్ల పేరున బండమీద ఒక బొగ్గుగీత పడుతుంది. చివరికి ఎవరి గీతలు ఎక్కువైతే, ఎండాకాలంలో వాగు ఇసుకలో తవ్వే చెలమ దగ్గర మొదటి వంతు వాళ్లది. మొదట తాగినవాళ్లకి తేటనీళ్లు, ఆఖరున తాగినవాళ్లకి బురద.

ఆ ఏడాది ముగిసిన తొమ్మిది పందేల్లో ఐదు గాడిద గురవప్పే గెలిచాడు. పోయిన ఎండాకాలం ఆఖరి వంతు పడి, బురదనీళ్లు తాగి అతని ఇంటిల్లిపాదీ జబ్బుపడ్డారు. ఈసారి ఇంట్లో నెలల పిల్ల ఉంది. అందుకే ఒళ్లు దాచుకోకుండా పరిగెత్తాడు. లేడి చెంగమ్మకి రెండు గీతలు, అడవిపంది బసివయ్యకి ఒకటి, నక్క సింగరప్పకి ఒకటి.

ఒక్క గీత ఉన్నవాడికి ఐదు గీతలు చూస్తే నిద్రపడుతుందా? సింగరప్ప నేరుగా పందేలు నడిపే ఎలుగుబంటి ఓబులమ్మ దగ్గరికి వెళ్లాడు. పదో పందెం ఎవరు గెలిచినా చెలమ గాడిదదేననీ, ఇక చూడటానికి కోతులు కూడా రావనీ చెప్పాడు. ఆమాట నిజమే. కిందటి పందెంలో సగం కొమ్మలు ఖాళీ.

"రోడ్డు పక్క దాబా టీవీలో చూశాను పెద్దమ్మా. మనుషుల మోటారు పందేల్లో ఏడాది పొడుగునా కూడబెట్టిన పాయింట్లు ఆఖర్న పక్కనబెట్టి, ముందున్న నలుగురికీ ఒకే ఒక్క పందెం పెడతారు. అది గెలిచినవాడే విజేత. చూసేవాళ్లకి ఊపిరాడదు."

"మరి గురవప్ప ఐదు గెలుపులు?"

"నలుగురిలో చోటు దొరికింది కదా, ఇంకేం కావాలి?"

ఓబులమ్మకి న్యాయం తెలియక కాదు. జనం లేని పందెం నడపాలంటే ఆమెకి దిగులు, అందుకే సరేనంది. కోతులైతే ఆ మాట వినగానే కొమ్మలు విరిగేట్టు గంతులేశాయి. సింగరప్ప ఆలస్యం చేయకుండా బండమీద గీతలన్నీ తోకతో తుడిచేశాడు. పనిలో పనిగా ఆఖరి పందెం తన బొరియ ముందున్న మెత్తటి బాటలో పెట్టించాడు. ఆ బాటలో ఎక్కడ గుంట ఉందో, ఎక్కడ మలుపు ఉందో కళ్లు మూసుకుని చెప్పగలడు.

అడవంతా కదిలి వచ్చింది. పందెం కూడా రక్తి కట్టింది, కాదనకూడదు. నలుగురూ పక్కపక్కనే పరిగెత్తారు. ఆఖరి మలుపులో గురవప్ప కాలు గుంటలో పడింది. సింగరప్ప జానెడు తేడాతో గెలిచాడు.

గురవప్పకి కడుపు మండిపోయింది. ఇంటికెళ్లి పిల్లని చూసేసరికి ఏడుపూ వచ్చింది. కానీ ఏడిస్తే నీళ్లు తేటపడవు. తెల్లారగానే కోతుల దగ్గరికి వెళ్లి, నిన్నటి పందెం ఎలా ఉందని మర్యాదగా అడిగాడు. అవి గుక్క తిప్పుకోకుండా పొగిడాయి.

"అంత బాగుంటే ఇంకొకటి పెట్టించుకోరాదూ? నిన్నటిది అప్పుడే పాతబడింది కదా," అన్నాడు.

అసలే కోతి, ఆపైన కల్లు తాగింది అన్నట్టయింది. కోతుల మంద ఓబులమ్మ గుహ మీద పడింది. సింగరప్ప పరిగెత్తుకొచ్చాడు.

"నిన్న గెలిచింది నేనే కదా పెద్దమ్మా."

"నిన్నటి లెక్క ఇవాళ చెల్లదని చెప్పింది నువ్వే కదా నాయనా," అంటూ ఓబులమ్మ అతని గీత తుడిచేసింది. తను చేసిన పొరపాటు ఆమెకి అప్పుడే తెలిసొచ్చింది.

ఆరోజు రాళ్లగుట్ట మీద చెంగమ్మ గెలిచింది. ఆమె చెలమ తనదేనని మురిసేలోపే కోతులు ఇంకొకటి అడిగాయి. మర్నాడు బురదలో బసివయ్య గెలిచాడు. గురవప్ప రెండుసార్లూ రెండోవాడే. మూడోనాటికి సింగరప్ప అరికాళ్లు పగిలి, నాలుక బయటపెట్టి ఓబులమ్మ ముందు కూలబడ్డాడు. కోతులు అప్పటికే చెట్లెక్కి కూర్చున్నాయి.

"ఇదేం పద్ధతి పెద్దమ్మా. ఎన్నిసార్లు గెలిచినా మిగలకపోతే గెలుపుకి విలువేముంది? మొదటి వంతు పోతే పోనీ, నా గెలుపులు రెండూ నాకు మిగలాలి. అన్నీ కలిపి లెక్కెయ్యి."

"గీతలు నువ్వే తుడిచేశావు. నువ్వే చెప్పు, నేను గీస్తాను," అని ఓబులమ్మ బొగ్గు తీసుకుంది. "మొదటి పందెం ఎవరిది?"

"గురవప్పది."

"రెండోది?"

"గురవప్పదే."

"మూడోది?"

"చెంగమ్మది."

"నాలుగోది?"

సింగరప్ప చెట్లవైపు చూశాడు. అబద్ధం చెబుదామంటే ప్రతి కొమ్మ మీదా సాక్షులే. అలా పన్నెండు పందేలూ తన నోటితోనే చెప్పుకొచ్చాడు. లెక్క ముగిసేసరికి గురవప్ప పేరున ఐదు గీతలు, ఇంకెవరికీ మూడు దాటలేదు. కోతులే గురవప్పని చెలమ దాకా ఊరేగించాయి. అతని పిల్ల అందరికంటే ముందు మూతి ముంచి, కడుపునిండా తేటనీళ్లు తాగింది.

పక్కవాడి గెలుపులు తుడిచి గెలిచినవాడి గెలుపు మర్నాటి దాకా కూడా నిలవదు.