గాడిద పొర్లిన చోటు

బొగ్గులవాగు ఆ ఏడు ఉగాదికి ముందే ఎండిపోయింది. పైన ఇసుక నిప్పులా కాలుతున్నా అడుగున ఎక్కడో నీరుంటుంది. సరైన చోట చెలమ తవ్వితే ఊరుతుంది, బారెడు పక్కన తవ్వితే దుమ్మే వస్తుంది. ఆ సరైన చోటు ఏదో అడవి మొత్తంలో ఒక్క బూదెమ్మకే తెలుసు.

బూదెమ్మ ముసలి గాడిద. పద్దెనిమిదేళ్లు చాకిరేవుకి మూటలు మోసింది. వీపు మీద బరువున్నప్పుడు ఇసుక అబద్ధం చెప్పదు. ఎక్కడ గిట్ట ఎంత దిగుతుందో, ఎక్కడ చల్లదనం తగులుతుందో ఆ కాళ్లకి తెలుసు. మొయ్యలేని రోజు రాగానే యజమాని అడవి దారిలో వదిలేసి పోయాడు.

నిరుడు అడవిపందులు వచ్చి "అక్కా, అక్కా" అంటే జాలిపడి ఊరికే చెలమ చూపించింది. నీళ్లు పడ్డాక ఆ అక్కని ఎవరూ గుర్తుపట్టలేదు. అందరూ తాగి, తొక్కి, బురద చేశాక చివర్లో తాగింది. ఆ నీళ్లకి కడుపు చెడి నెల రోజులు లేవలేదు. ఊరికే ఇచ్చిన సలహాకి లోకం చేసే మర్యాద అదే. ఇంకో వేసవి అలా తాగితే తను బతకదని బూదెమ్మకి తెలుసు.

అందుకే ఈసారి పందుల పెద్ద కోరయ్య, బేరం ఆడటానికి నక్కని వెంటబెట్టుకుని వస్తే, ముందే చెప్పేసింది.

"నీళ్లు ఊరితే, వానలు పడేదాకా రోజూ మొదటి తాగుడు నాది. ఊరకపోతే నాకేమీ వద్దు."

నక్క నవ్వింది. "అత్తా, నువ్వు చూపించేది అరగడియ పని. దానికి వేసవంతా నీళ్లా? గడియకింత అని పచ్చగడ్డి ఇస్తాం, హాయిగా తిను."

"సరే అల్లుడూ. గడియకింత అంటే అది కూలి. కూలికి తవ్విపెడతా. ఎక్కడ తవ్వాలో మీరు చూపించండి."

"చూపించాల్సింది నువ్వే కదా."

"అది కూలిలో లేదు."

కోరయ్య నసిగాడు. "ఒప్పేసుకుందాం బావా. ఇంట్లో పదకొండు మంది పిల్లలు."

"నువ్వాగు బావా," అని నక్క అతని చెవి దగ్గరికి వంగింది. "ఇదేమన్నా మంత్రమా? రేపు కూలికే పిలుద్దాం. వాగులో దిగి ఏం చేస్తుందో చూస్తే చాలు, విద్య మన చేతికొస్తుంది."

మర్నాడు పొద్దున్నే బూదెమ్మ కూలికి వచ్చింది. "ఎక్కడ తవ్వమంటారు?"

"ఆలోచిస్తున్నాం అత్తా. కాసేపు అలా తిరుగు."

బూదెమ్మ అటూ ఇటూ తిరిగింది. వాగు నడుమ ఒకచోట ఆగి, వెల్లకిలా పడి, నాలుగు కాళ్లూ పైకెత్తి అటు నాలుగుసార్లు, ఇటు నాలుగుసార్లు పొర్లింది. లేచి ఒళ్లు దులుపుకుంది. నక్క కళ్లు మెరిశాయి. గుప్పెడు గడ్డి ముందు పడేసి, ఇవాళ్టికి పని లేదని పంపేసింది.

"చూశావా బావా? గుట్టంతా ఆ పొర్లడంలోనే ఉంది. ఇక సలహా నాది. దాని ధరలో సగమే తీసుకుంటా. రోజు విడిచి రోజు మొదటి తాగుడు."

సగం ధర అనగానే కోరయ్య తలూపాడు. చవక మాటకి తలూపని పెద్దమనిషిని నేనింతవరకూ చూడలేదు.

పందులు రెండు రోజులు తవ్వాయి. మనిషి లోతున కూడా ఇసుక పొడిపొడిగానే ఉంది. అంచులు విరిగి గుంట పూడింది. మూడో రోజు నక్కే స్వయంగా ఇసుకలో పొర్లి ఇంకో చోటు చూపించింది. పులిని చూసి నక్క వాత పెట్టుకుందంటారు, ఈ నక్క గాడిదను చూసి పెట్టుకుంది. అక్కడా దుమ్మే. సాయంత్రానికి కోరయ్య పిల్లల్లో రెండు లేచి నిలబడలేకపోయాయి.

కోరయ్య ఒక్కడే బూదెమ్మ దగ్గరికి పరుగెత్తాడు. "అక్కా, నువ్వు పొర్లిన చోటే తవ్వాం. చుక్క పడలేదు."

బూదెమ్మ పక్కనున్న చెట్టుకి వీపు రాసుకుంది. "వీపు దురద, కోరయ్యా. మూటల తాళ్లు ఒరుసుకున్న చోట ఇప్పటికీ పోదు. తడి ఇసుకలో ఏ గాడిదైనా పొర్లుతుందా? వాగు మొత్తంలో బాగా పొడిగా ఉన్న చోటు వెతుక్కుని మరీ పొర్లాను."

కోరయ్య తల నేలకి దిగిపోయింది. "ఇప్పుడు ఎంత అడిగినా ఇస్తా. మొదటి తాగుడూ నీదే, చివరి తాగుడూ నీదే."

ఎవరి సంగతేమిటో తేలేది ఇలాంటప్పుడే. అవతలివాడి గొంతు ఎండింది కదా అని రెట్టింపు అడిగేవాడు దొంగ. కన్నీళ్లు చూసి సగానికి దిగినవాడు పై ఏడు మళ్లీ బురదే తాగుతాడు.

"ధర మొన్న చెప్పిందే," అంది బూదెమ్మ. "పెరగదు, తగ్గదు. ఇవాళ పిల్లల్ని తాగనీ. నా వంతు రేపు పొద్దున్నించి మొదలు."

వాగు వంపు దాకా నడిచి, ఒక్కో అడుగూ నొక్కి చూసి ఆగింది. "ఇక్కడ. రెండు మూరలు." పందులు మూతులతో కుమ్మాయి. ఇసుక నల్లబడింది, చెమ్మగిల్లింది, గుంటలోకి నీళ్లు ఊరాయి. అంతా కలిపి అరగడియ కూడా పట్టలేదు. కోరయ్య ఆ మాట ఎత్తలేదు.

మర్నాడు తేటనీళ్ల ముందు మొదట బూదెమ్మ నిలబడింది. వెనక పిల్లలు, తల్లులు, కోరయ్య. అందరి వెనకా నక్క. పందులు దానికి కేటాయించిన చోటు అదే. అది మెల్లగా పక్కనుంచి ముందుకి జరిగింది.

"అత్తా, నీ వెనకే నన్ను తాగనీ. బదులుగా నీ పేరు వాగు పొడుగునా ప్రచారం చేసిపెడతా."

బూదెమ్మ కడుపునిండా తాగి, తలెత్తి, ఒక్కసారి ఓండ్ర పెట్టింది. చెట్ల మీది కొంగలన్నీ లేచిపోయాయి. అవతలి గట్టు మీద దాహంతో తిరుగుతున్న జింకల మంద చెవులు రిక్కించి, వరసగా ఇటే దిగడం మొదలుపెట్టింది.

"నా పేరు చెప్పుకోవడానికి నా గొంతు చాలు అల్లుడూ. వెళ్లి లైనులో నిలబడు."

నీతి: ఒంటి కష్టానికి గడియలు చూసి కట్టు, తెలివికి ఫలితం చూసి కట్టు.