పదకొండు మేకలూ ఇంగ్లీషు లెక్కా

ఊళ్ళో బుర్రంటూ ఉంటే అది తమ ముగ్గురి మెడల మీదే ఉందని గవరమ్మ నమ్మకం. తనకుంది, మొగుడు సింహాద్రికుంది, మరిది పోలయ్యకైతే పెట్టుకోడానికి చోటు చాలనంత ఉంది. ఆ మూడు బుర్రలకీ కూడు పెట్టేవి మాత్రం పదకొండు మేకలు.

ఒకనాడు పోలయ్య టౌనుకెళ్ళి, ట్యూషన్ మాస్టారి కిటికీ కింద నిలబడి చదువు వినొచ్చాడు.

"వదినా, ఏ అంకెనైనా ఇంగ్లీషులో రాసి అక్షరాలు లెక్కపెడితే ఇంకో అంకె అవుద్దంట. దాన్నీ రాసి లెక్కపెడితే మరోటి. అలా పోయి పోయి నాలుగు దగ్గర ఆగిపోద్దంట. ఇంక కదలదంట. మన పదకొండుంది చూడు, ఎలెవెన్. ఆరక్షరాలు."

గవరమ్మ దొడ్డి వైపు తిరిగి చూసింది. "అయితే మన మేకలు ఆరైపోతాయా?"

"మాస్టారు చెప్పాక అవకేం చేస్తాయి?"

ఈ మాట పక్కింటి గంగులు గోడ అవతల్నించి విన్నాడు. ఇంకేముంది, తెల్లారేసరికి ఐదు మేకలు గంగులు కొట్టంలో ఉన్నాయి, వీళ్ళ దొడ్లో ఆరు.

గవరమ్మ ఏడవబోయింది. "లెక్క సరిపోయాక ఏడుపెందుకే?" అని సింహాద్రి కసిరాడు. నిజమే కదా అని కళ్ళు తుడుచుకుంది. సిక్స్‌కి మూడక్షరాలు. మర్నాటికి మూడే మిగిలాయి.

"ఇక కష్టాలు తీరాయి వదినా. త్రీకి ఐదు. రేపు రెండు పెరుగుతాయి."

గవరమ్మ పరుగున వెళ్ళి ఆ సంబరం గంగులుకే చెప్పింది. "పొద్దున్నే వచ్చి చూడన్నా. ఐదు కాకపోతే లెక్క తప్పన్నమాట. అప్పుడింక మేకల్ని ఇంటింటా వెతుక్కోవడమే."

గంగులుకి చెమటలు పట్టాయి. చీకటి పడగానే రెండు మేకల్ని తనే తోలుకొచ్చి దొడ్లో కట్టాడు. అంతే, పొద్దున్నే అవి చూసి సింహాద్రి తమ్ముడి కాళ్ళకి దండం పెట్టాడు.

ఫైవ్‌కి నాలుగు. ఒకటి తగ్గింది. ఫోర్‌కి కూడా నాలుగే.

"ఇంక కదలవు," అన్నాడు పోలయ్య.

"కదలనివాటికి తలుపెందుకు?" అన్నాడు సింహాద్రి. దొడ్డి తలుపు ఊడబీకి పొయ్యిలో పెట్టారు. ఆ మంట మీద గవరమ్మ గంజి కాచింది కూడాను.

ఇంకేముంది, మర్నాడు దొడ్లో పెంటికలు తప్ప ఏమీ లేవు.

గవరమ్మ కూలబడింది. "ఒక్కటీ లేదు మరిదీ. సున్నా."

పోలయ్య వేళ్ళు ముడిచాడు, విప్పాడు. మొహం చాటంతయింది. "సున్నాని ఏవంటారు? జీరో. ఎన్నక్షరాలు? నాలుగు. నాలుగూ ఇక్కడే ఉన్నాయి వదినా, నీ కంటికే ఆనడం లేదు."

"ముందే చెప్పొద్దూ, తొక్కేసేవి," అని గవరమ్మ పక్కకి జరిగింది.

అంతే, నాలుగు మోపులు ఆకు కొట్టుకొచ్చి వేశారు. గవరమ్మ చెంబు పట్టుకుని కూర్చుని వేళ్ళు నొప్పెట్టేదాకా గాలిని పిండింది.

"ఎన్ని చెంబులిచ్చాయే?"

"సున్నా."

"అంటే నాలుగు. పాయసం కాచు."

కాచింది. ఇంత శుభం జరిగాక ఇరుగుపొరుగుని మరిస్తే ఎలాగని గంగులుని పిలిచి విస్తరేశారు. గంగులు ఖాళీ విస్తరి చూశాడు, ముగ్గురి మొహాలూ చూశాడు. దొంగ కదా, వంగి బుద్ధిగా జుర్రాడు.

"ఎలా ఉందన్నా?"

"బాగుందమ్మా."

సింహాద్రి తన విస్తరిని వేలితో ఊడ్చి నాకి, మొహం చిట్లించాడు.

"బెల్లం కాస్త ఎక్కువైందే."