వకుళమ్మ కంప్యూటర్‌కి వచ్చిన జబ్బు

నంద్యాలలో కంప్యూటర్లు బాగుచేసే ఖాజా మొహిద్దీన్ ఉస్తాద్ దగ్గర చంద్రకళ పని నేర్చుకుంటోంది. చేరి ఏడు నెలలైంది. చెయ్యి చురుకు. నోరు ఇంకా చురుకు.

ఒక ఉదయం వకుళమ్మ అనే రిటైర్డ్ నర్సు తన పాత కంప్యూటర్‌ను దుప్పట్లో చుట్టి ఆటోలో తెచ్చింది. నల్లమల గూడేల్లో కాన్పులు చేస్తూ విన్న జోలపాటలన్నీ ఆరేళ్ళుగా అందులో టైపు చేసిందట. సాయంత్రానికి అవి ప్రెస్సుకు చేరాలి.

చంద్రకళ వైర్లు తగిలించి ఆన్ చేసింది. ఆపరేటింగ్ సిస్టమ్ దొరకలేదని నల్లటి తెర మీద ఒక్క ముక్క వచ్చి, అంతటితో నిలబడిపోయింది.

“డిస్క్ పాడైంది పెద్దమ్మా. అంతా చెరిపేసి సిస్టమ్ కొత్తగా ఎక్కించాలి.”

“మరి నా పాటలు?”

“పోతాయి.”

వకుళమ్మ స్టూలు మీద కూలబడింది. లోపల టీ తాగుతున్న ఉస్తాద్ గ్లాసుతో సహా బయటికొచ్చాడు. తెర చూశాడు. వకుళమ్మ ముఖం చూశాడు.

“బేటీ, ఇలా వచ్చి నిలబడు. కాసేపు నువ్వే ఫర్మ్‌వేర్‌వి.”

చంద్రకళకు నవ్వొచ్చింది. కంప్యూటర్ ఆన్ చేయగానే అన్నిటికంటే ముందు లేచే చిన్న ప్రోగ్రాం అది.

“లేచావు. ఏం చేస్తావ్?”

“మెమరీ, కీబోర్డు ఉన్నాయో లేదో చూసుకుంటాను.”

“ఉన్నాయి. తర్వాత?”

“హార్డ్ డిస్క్ దగ్గరికెళ్ళి ఆపరేటింగ్ సిస్టమ్‌ని లేపుతాను.”

“నేరుగా?”

ఆమె తడబడింది. “లేదు... ఎక్కడెక్కడ వెతకాలో ఒక వరుస రాసి ఉంటుంది. ఆ వరుసలోనే వెళ్తాను.”

ఉస్తాద్ మెషిన్ ఆపి, మళ్ళీ ఆన్ చేసి, ఒక మీట నొక్కాడు. ఆ వరుస తెర మీదికొచ్చింది. మొదట పెన్‌డ్రైవ్. ఆ తర్వాతే హార్డ్ డిస్క్.

“వెళ్ళు మరి,” అని టీ ఊదుకున్నాడు.

చంద్రకళ బల్ల చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళి, వంగి చూసింది. వైర్ల చాటున గోరంత నల్లటి పెన్‌డ్రైవ్.

“అయ్యో, నా మతిమరుపు!” అంది వకుళమ్మ. “నిన్న పాటలు కాపీ చేద్దామని పెట్టాను, తియ్యలేదు!”

“అందులో ఆపరేటింగ్ సిస్టమ్ ఉందా బేటీ?”

“లేదు ఉస్తాద్.”

“మరి మన మెషిన్ ఏం చేసింది?”

“ఇక్కడ వెతికి, దొరకలేదని చెప్పి, పాత మెషిన్ కదా, హార్డ్ డిస్క్ దాకా వెళ్ళకుండా... ఇక్కడే ఆగిపోయింది.” చివరి మాట దగ్గర ఆమె గొంతు తగ్గింది.

పెన్‌డ్రైవ్ లాగి మళ్ళీ ఆన్ చేసింది. ఈసారి తెర నీలంగా వెలిగింది. పాటలన్నీ ఉన్నాయి. వకుళమ్మ ఒకటి తెరిచి, చదవబోయి, ఆగలేక పాడేసింది. పక్క సైకిల్ షాపాయన పంపు వదిలేసి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

పాట అయ్యాక ఆమె కళ్ళు తుడుచుకుంది. “ఇంతకీ దీనికొచ్చిన జబ్బేంటి నాయనా?”

ఉస్తాద్ చంద్రకళ వైపు చూశాడు.

“దీనికి ఏ జబ్బూ లేదు పెద్దమ్మా,” అంది చంద్రకళ. “తొందర నాది.”