పొద్దు గుంకని దేశంలో చేపల వేట

వినండర్రా పిల్లలూ! మణికూటం అనే రాజ్యానికి ఒక రాజు, ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు అగ్నిదత్తుడు, నడిపివాడు వాయుదత్తుడు, చిన్నవాడు భూదత్తుడు. వాళ్ళు పొరుగు రాజ్యంతో ఏళ్ళ తరబడి యుద్ధం చేశారు. చేసి చేసి చివరికి గెలిచారు. గెలిచారే గానీ రాజు అలిసిపోయాడు, కొడుకులు అలిసిపోయారు, గుర్రాలు సైతం నోట్లో గడ్డి పెట్టుకునే కునికిపాట్లు పడేవి.

అప్పుడు ఉత్తరాది నుంచి ఉన్ని అమ్ముకునే వర్తకుడొకడు సభకి వచ్చాడు.

"మహారాజా! ఏడు నదులకీ ఏడు కొండలకీ అవతల ఒక దేశం ఉంది. అక్కడ ఊళ్ళు తక్కువ, అడవి ఎక్కువ. అడవి నిండా సరస్సులే. గాలం వేస్తే చాలు, మూరెడు చేప! ఎండాకాలంలో పొద్దు గుంకనే గుంకదు. అలిసినవాళ్ళు వెళ్ళవలసిన చోటు అది" అన్నాడు.

అగ్నిదత్తుడి కళ్ళు మెరిశాయి. "నాన్నగారూ, కొన్నాళ్ళు చేపలు పట్టుకుని, ఆ వింతలు చూసి వస్తాను" అని బయలుదేరాడు. వానలు వచ్చాయి, వెళ్ళాయి. అతను రాలేదు. "అన్నని నేను తీసుకొస్తాను" అని వాయుదత్తుడు బయలుదేరాడు. మళ్ళీ వానలు వచ్చాయి, వెళ్ళాయి. అతనూ రాలేదు.

ఇక రాజ్యమంతా చిన్నవాడి మెడకి చుట్టుకుంది. పొద్దున కొలువు, మధ్యాహ్నం తగవులు, సాయంత్రం మంచం పట్టిన తండ్రికి మందులు. భూదత్తుడు పడుకునేవాడే గానీ, నిద్రపోయేవాడు కాదు.

ఒకరోజు తండ్రి అతని చెయ్యి పట్టుకున్నాడు. "నాయనా, నా కళ్ళు మూతపడేలోగా వాళ్ళిద్దర్నీ ఒక్కసారి చూపించు. అంతవరకూ రాజ్యాన్ని మంత్రి చూసుకుంటాడు" అన్నాడు.

"అలాగే నాన్నగారూ" అన్నాడు భూదత్తుడు. అంతకంటే మాట్లాడే ఓపిక లేదు.

ఒక నది దాటాడు, ఒక కొండ ఎక్కాడు. మళ్ళీ ఒక నది, మళ్ళీ ఒక కొండ. మళ్ళీ నది, మళ్ళీ కొండ. అలా ఏడు నదులూ ఏడు కొండలూ దాటేసరికి చెప్పులు అరిగిపోయాయి, గుర్రం కుంటసాగింది. అప్పుడు కనిపించింది సరస్సు. అద్దంలా నిశ్చలంగా ఉంది. ఒడ్డున దేవదారు దుంగలతో కట్టిన పెద్ద విడిది. దాని ముందు తెల్లటి తోలు కోటు వేసుకున్న పొడుగాటి మనిషి. అతని పేరు శీతకేతుడు.

"రండి రండి! చేపల వేటకేనా? గాలం నేనిస్తాను, పడవ నేనిస్తాను. మూడు వింతలు కూడా చూపిస్తాను" అన్నాడు శీతకేతుడు.

"నేను మా అన్నల కోసం వచ్చాను" అన్నాడు భూదత్తుడు.

"చాలామంది వస్తుంటారు. ముందు చూడవలసినవి చూడండి, తరవాత వెతుక్కోవచ్చు."

పడవ నడపడానికి ఒక అమ్మాయి వచ్చింది. పేరు తుహిన. ఆ సరస్సు జాలరుల పెద్దకి కూతురు. తెడ్డు వేసి వేసి ఆమె అరచేతులు పగుళ్ళు తేలాయి. ఒక్క మాటా మాట్లాడలేదు.

మొదటి వింత జలపాతం. ఆకాశం నుంచి పాలు ఒంపినట్టు దూకుతోంది. "ఇంకొకటి చూస్తారా?" అన్నాడు శీతకేతుడు ఆశగా. "వద్దు. ఇదే చాలా బాగుంది" అని భూదత్తుడు అక్కడే చతికిలబడ్డాడు. శీతకేతుడి మొహం ముడుచుకుంది.

రెండో వింత తెల్ల కొండ. దాని చరియ మీద చెట్లలాంటి కొమ్ములున్న దుప్పులు మందలు మందలుగా పోతున్నాయి. "ఇంకొకటి కావాలా?" అన్నాడు శీతకేతుడు. "వద్దు బాబూ, ఇది చాలు" అన్నాడు భూదత్తుడు.

మూడో వింత సూర్యుడు. కొండల అంచు మీద బంతిలా దొర్లుతూ పోతాడే గానీ, కిందికి దిగడు. అది అందరికీ వింతే, భూదత్తుడికి మాత్రం నరకం. తలపాగాతో కళ్ళు కప్పుకున్నా వెలుతురు గుచ్చుకునేది.

సరస్సు ఒడ్డు పొడుగునా కొంగలు నిలబడి ఉన్నాయి. వందల కొద్దీ. అన్నీ నీళ్ళలోకే చూస్తున్నాయి, ఒక్కటీ చేపని పట్టడం లేదు.

"ఇన్ని కొంగలేమిటి?" అని అడిగాడు భూదత్తుడు.

"అవి మా అతిథులు" అన్నాడు శీతకేతుడు నవ్వుతూ.

వాటిలో ఒక కొంగకి ఎడమ కంటి మీద పొడుగాటి మచ్చ ఉంది. భూదత్తుడు దగ్గరికి వెళ్ళి చూశాడు. యుద్ధంలో తన మీదికి వచ్చిన బల్లేనికి అగ్నిదత్తుడు అడ్డుపడితే తగిలిన గాయం అది. పక్కనే తల వాల్చిన కొంగని చూశాడు. నడిపి అన్న నిలబడే తీరు అదే.

"వీళ్ళని ఏం చేశావు?"

శీతకేతుడు ఇక దాచలేదు. "అవును, నేను మాంత్రికుణ్ణే. ఈ సరస్సులో ఒక ముసలి చేప ఉంది. దాన్ని గాలంతో పట్టి ఇవ్వు, మీ అన్నలని వదిలేస్తాను" అన్నాడు.

భూదత్తుడు గాలం వేశాడు. అరచెయ్యంత చేప పడింది. "ఇది కాదు. ఇంకొకటి కావాలని అడుగు, మళ్ళీ ఎర ఇస్తాను" అన్నాడు మాంత్రికుడు. భూదత్తుడు అడగకుండానే రెండోసారి వేశాడు. మూరెడు చేప పడింది. "ఇదీ కాదు. అడుగు." అలాగే మూడోసారి వేశాడు. నిలువెత్తు చేప పడింది. "అయ్యో, ఇదీ కాదే! అడుగు రాకుమారా, ఇంకొకటి ఇవ్వమని అడుగు!"

భూదత్తుడు నోరు తెరిచాడు. అంతలో పడవలో నుంచి తుహిన వెక్కి వెక్కి ఏడ్చింది. అతను ఆమె వైపు చూశాడు, ఆమె చేతుల వైపు చూశాడు. నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది.

"నా వల్ల కాదు" అని గాలం విసిరేశాడు.

మాంత్రికుడు పళ్ళు కొరికాడు. "నిద్రలేనివాడివి, ఎన్నాళ్ళు ఆగుతావు? నువ్వే వచ్చి అడుగుతావులే!" అని విడిదిలోకి వెళ్ళిపోయాడు.

భూదత్తుడు ఒడ్డున రాతి మీద వాలి, కాళ్ళు నీళ్ళలో పెట్టాడు. తండ్రి గుర్తొచ్చాడు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి అలాగే నిద్రపోయాడు.

పాదాలకి ఏదో మెత్తగా తగిలి మెలకువ వచ్చింది. పడవంత ముసలి చేప అతని కాళ్ళ మీద తల ఆనించి ఉంది.

"భయపడకు" అంది చేప. "నన్ను పట్టడం మానేసి, గాలం పారేసి ఈ ఒడ్డున పడుకున్నవాడివి నువ్వొక్కడివే. తప్పించుకుని తప్పించుకుని నేనూ అలిసిపోయాను నాయనా. నా మొప్పలో ఒక నల్లపూస ఉంది. ఆ మాంత్రికుడు తన ప్రాణం అందులోనే దాచాడు. వాడు చూపినదో ఇచ్చినదో చాలక 'ఇంకొకటి' అన్నవాడల్లా కొంగైపోతాడు. వాళ్ళ ఆశంతా వాడికి ఆయుష్షు. గాలం తగిలితే పూస ఇంకా లోపలికి పోతుంది. చేత్తో తియ్యాలి."

భూదత్తుడు నీళ్ళలోకి దిగాడు. తుహిన దూకి వచ్చి చేప తలని పొదివి పట్టుకుంది. అతను మెల్లగా, నొప్పి కలగకుండా పూసని బయటికి తీశాడు.

విడిది తలుపులు భళ్ళున తెరుచుకున్నాయి. మాంత్రికుడు పరుగెత్తుకు వచ్చాడు. "ఇచ్చెయ్యి! నీ అన్నలనిస్తాను, ఈ అడవంతా ఇస్తాను, ఏం కావాలో కోరుకో!"

"నాకు కాస్త నిద్ర కావాలి" అని భూదత్తుడు పూసని రాతి మీద పెట్టాడు. తుహిన తెడ్డు ఎత్తి ఒక్క దెబ్బ వేసింది. పూస పొడిపొడి అయింది. మాంత్రికుడు మంచుకుప్పగా కూలి, కరిగి, ఇంకిపోయాడు.

కొంగలన్నీ మనుషులయ్యాయి. నిలబడి నిలబడి తిమ్మిరెక్కిన కాళ్ళతో ఎక్కడివాళ్ళక్కడ కూలబడ్డారు. అన్నలిద్దరూ పాకుతూ వచ్చి తమ్ముణ్ణి కావిలించుకున్నారు. ఒక ముసలి జాలరి "అమ్మా తుహినా!" అన్నాడు. ఆమె అంతకాలానికి నోరు విప్పింది. "నాన్నా! రహస్యం బయటపెడితే నిన్ను చంపేస్తానన్నాడు. అందుకే నోరు మూసుకున్నాను" అంది.

అప్పుడు సూర్యుడు మెల్లగా కొండల వెనక్కి దిగాడు. చీకటి పడింది. ఎవరూ దీపం వెలిగించలేదు. ఒడ్డున పడుకున్నవాళ్ళు పడుకున్నట్టే నిద్రపోయారు.

తెల్లవారాక ప్రయాణమవుతూ భూదత్తుడు తుహినని అడిగాడు. "నాతో వస్తావా?"

"పడవ నడపడానికా?"

"కాదు. పక్కన కూర్చోవడానికి."

ఆమె తండ్రి వైపు చూసింది. ఆయన తల ఊపాడు.

మణికూటం చేరేసరికి రాజు ఇంకా కళ్ళు తెరిచే ఉన్నాడు. ముగ్గురి మొహాలూ చేత్తో తడిమి చూసుకున్నాడు. ఆ పూట గంజి తాగాడు, తరవాత లేచి కూర్చున్నాడు. పట్టం పెద్దవాడికి కట్టబోతే అగ్నిదత్తుడు చేతులు జోడించాడు. "నేను లేనన్నాళ్ళూ మోసినవాడు తమ్ముడు. వాడికే ఇవ్వండి. బరువులో సగం నేనూ, నడిపివాడూ పంచుకుంటాం" అన్నాడు.

తొలకరి పడగానే భూదత్తుడికీ తుహినకీ పెళ్ళి జరిగింది. మధ్యాహ్నం తగవులు అన్నలు తీర్చేవాళ్ళు, పొద్దున కొలువు తుహిన, భూదత్తుడు కలిసి చేసేవాళ్ళు. వాళ్ళిద్దరి తలలూ వెండిలా నెరిసేదాకా ఏలారు. అన్నేళ్ళలో ఆ రాజ్యం నుంచి ఒక్క పిల్లవాడు కూడా యుద్ధానికి వెళ్ళలేదు.